కొమ్ము లేక కొంప మునిగింది

ఎద్దు కొమ్ముతో పొడిస్తే మనిషి చస్తాడని అందరికీ తెలుసు. కొమ్ము లేకపోయినా చస్తాడని నాకు ఒక్కదానికే తెలుసు. నమ్మకపోతే కూర్చోండి, చెబుతాను. కూర్చునేటప్పుడు దగ్గర్లో తినేదేమీ పెట్టుకోకండి. పెట్టుకున్నా దాని మీద ఏం రాసుందో ఒకసారి చదువుకోండి. నేను చదువుకోలేదు. అందుకే సోమశిలలో, కృష్ణ ఒడ్డున, పట్టపగలు, నాకు అక్షరాలు నేర్పిన మనిషిని చంపబోయాను.

నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. మా ఊరు బిజినేపల్లి దగ్గర. వానలు ఎగ్గొట్టిన ఏడాది నేనూ మా ఆయన కుర్మయ్యా హైదరాబాదు పోయి ఇటుకలు మోశాం. మేం కడుతున్న భవనానికి ఎదురింట్లో సత్యవతి టీచరమ్మ ఉండేది. రాజమండ్రి వైపు ఆవిడ. బడి నుంచి రిటైరయింది కానీ బడి ఆవిడ నుంచి రిటైరవలేదు. మధ్యాహ్నం సద్ది తిని కునుకు తీసే కూలి ఆడవాళ్లను రేకుల షెడ్డులోకి తోలుకొచ్చి పలకలు ఇచ్చేది. చేతిలో ఎర్ర పెన్ను ఉండేది. మేస్త్రీ కేకలకు బెదరని మేం ఆ పెన్ను మూత తీసిన చప్పుడుకు బెదిరేవాళ్లం.

మిగతా అక్షరాలన్నీ నాతో మర్యాదగానే ఉన్నాయి. ‘మ’తోనే పేచీ వచ్చింది. మీరూ చూడండి, ‘మ’కు పుట్టుకతోనే చివర ఒక వంకర ఉంది. మళ్లీ ‘ము’ రాయాలంటే దానికి ఇంకో కొమ్ము పెట్టాలట. నాకు అది అన్యాయంగా తోచింది.

"టీచరమ్మా, దీనికి ఒకటి ఉన్నది గద. ఇంకోటి ఎందుకు?"

"అది తోక. ఇది కొమ్ము. తోకకీ కొమ్ముకీ తేడా తెలీకుండా ఇన్నేళ్లూ గేదె పాలు ఎలా పిండావే కిష్టమ్మా?"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో పడి పాఠం అక్కడే మరిచిపోయాను. విత్తనం అక్కడ పడింది, పంట సోమశిలలో కోశాను.

ఊరికి తిరిగొచ్చి రెండెకరాలు కౌలుకు పట్టి మిరప వేశాం. ఒకరోజు టీచరమ్మ ఫోన్ చేసింది.

"కిష్టమ్మా, ఆదివారం మీ ఊరొస్తున్నాను. మీ పాలమూరు నేనెప్పుడూ చూడలేదు. మా మనవరాలు ఇక్కడ నన్ను బార్బెక్యూకి తీసుకెళ్లింది. ఏం బాగాలేదమ్మా."

నాకు ‘బార్బరు క్యూ’ అని వినబడింది. పాపం, పెద్దావిడకు మంగలి షాపు ముందు వరుసలో నిలబడే ఖర్మ ఎందుకొచ్చిందో అనుకున్నాను.

"జుట్టు కత్తిరిచ్చుకున్నరా టీచరమ్మా?"

"జుట్టేంటే! బొగ్గుల మీద కాల్చిన మాంసం. బల్ల మధ్యలో పొయ్యి పెట్టి, పుల్లకు గుచ్చిచ్చారు. నంజుకోవడానికి సీసాలో తియ్యటి ఎర్ర నీళ్లు. మీ దగ్గర కాల్చింది, మీ దగ్గర నంజుకునేది తినిపించు. ఎక్కడ తినాలో నువ్వే చూసిపెట్టు. బోర్డు చదివి మరీ తీసుకెళ్లాలి, సరేనా?"

అదీ సంగతి. తిండి పేరుతో పరీక్ష.

వెంటనే కుర్మయ్యతో సభ పెట్టాను. మా ఆయన ఐదో తరగతి చదివాడు. ఆ ముక్క ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నీళ్లకన్నా ముందు ఇస్తాడు.

"గద్వాలకు తోల్కపో. ఆడ పొట్టేలు సీకులు కాలుస్తరు. ఎర్ర మిరపకాయ నూరి ఎల్లిగడ్డ కారం ఏస్తరు. కన్నడోళ్లు గూడ వచ్చి తినిపోతరు," అన్నాడు.

"ఆమెకు కట్టుడు పండ్లయ్యా. పొట్టేలు గుంజితే పండ్లు సీకుకే ఉంటయి, ఆమె ఇంటికొస్తది."

"అయితే వనపర్తి. కోడిని కోడి లెక్కనే కాల్చి పెడ్తరు."

వనపర్తికి నేనే పోయి చూసొచ్చాను. రోడ్డు పక్క బొగ్గుల మీద కోళ్లు వరుసగా తిరుగుతున్నాయి. వాసన బాగుంది. కానీ బోర్డు మొత్తం ఇంగ్లీషు. ఒక్క అక్షరమూ నాకు పలకలేదు. పైగా బల్ల మీద సాస్ సీసా తలకిందులుగా పెట్టి ఉంది, ట్రాక్టరుకు వేసే రంగులా ఉంది. లోపల ఏముందని అడిగితే "సాస్" అన్నాడు. సాస్‌లో ఏముందంటే "సాసే ఉంటదమ్మా" అన్నాడు. తనలో ఏముందో చెప్పని సీసాను టీచరమ్మ ముందు పెట్టగలనా? (ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత నా మొహాన కొట్టడానికి మీకు పనికొస్తుంది.)

చివరికి సోమశిల ఖాయం చేశాను. కారణం చెబితే నవ్వకూడదు. అక్కడ రేవు పక్కన చిట్టెమ్మ అనే ఆవిడ రేకుల కింద చేపలు కాలుస్తుంది. ఆమె బోర్డు మీద సున్నంతో ‘చేపలు కాల్చి ఇస్తాం’ అని ఉంది. మొత్తం చదవగలిగాను. రుచి చూడకుండా, ధర అడగకుండా, అక్షరాలు వచ్చాయన్న ఆనందంతో హోటలు ఎంచుకున్న మనిషి ఈ మూడు జిల్లాల్లో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇక నంజుకునేది. అది నేనే చేస్తానన్నాను. పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, చింతకాయ, ఎల్లిగడ్డ, వేయించిన పల్లీలు వేసి రోట్లో బరకగా పచ్చ తొక్కు నూరాను. కారం తక్కువది. కొత్తగా వచ్చిన మనిషి ముందు ఇది తినాలి. తర్వాత తినడానికి ఎండుమిరపకాయల ఎర్ర తొక్కు, అది మనవాళ్లకే చెవుల్లోంచి పొగ తెప్పిస్తుంది. వరుస తప్పితే ప్రమాదం. అందుకని డబ్బాల మీద కాగితాలు అంటించాలని నా బుర్రకు తట్టింది. నిజం చెప్పాలంటే ప్రమాదం ఒక సాకు. నా చేతిరాత టీచరమ్మ చూడాలి, అదీ అసలు రోగం.

పచ్చ తొక్కు రెండు డబ్బాలైంది. ఒకటి సోమశిలకు, ఒకటి ఆవిడ ఇంటికి పట్టుకుపోవడానికి. రెండిటి మీదా ‘ముందు’ అని రాశాను. ఎర్రదాని మీద ‘తర్వాత’ అని రాయబోతే ఆ ఒత్తులు చూసి భయమేసి ‘ఎనక’ అని రాశాను. అన్నం మెతుకులతో కాగితాలు అంటించాను. మురిసిపోయాను.

అంతటితో ఆగితే ఈ కథ ఉండేది కాదు. అదే రోజు మిరపతోటకు పట్టిన ఆకుముడత తెగులు కోసం వేపాకు, పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డ, పొగాకు కలిపి ఇంకో పచ్చముద్ద నూరి పెట్టాను. నీళ్లలో నానబెట్టి వడగట్టి చెట్లకు కొట్టే మందు అది. అదీ అలాంటి డబ్బాలోనే పెట్టాను. సంతలో ఒకే తీరు ఎర్రమూతల డబ్బాలు కొన్నాను మరి. ‘జాగ్రత్త కిష్టమ్మా’ అనుకుని దాని మీద ‘మందు’ అని రాశాను. మూడు పచ్చముద్ద డబ్బాలూ గూట్లో పక్కపక్కన పెట్టాను.

ఆదివారం పొద్దున కుర్మయ్య ‘మందు’ అని ఉన్న డబ్బా తీసుకుని తోటకు పోయాడు. గూట్లో రెండు మిగిలాయి. రెండిటి మీదా నా కంటికి ‘ముందు’ అనే ఉంది. అందులో ఒకటీ, ఎర్ర తొక్కు డబ్బా ఒకటీ సంచిలో వేసుకున్నాను. బస్సు దిగిన టీచరమ్మను ఆటోలో ఎక్కించుకుని సోమశిల చేరాను.

ఆవిడ బోర్డు కింద నిలబడింది.

"చదువు."

"చేపలు... కాల్చి... ఇస్తాం."

"భేష్!"

ఆ భేష్‌తో నేను భూమికి జానెడు ఎత్తులో నడుస్తూ లోపలికి పోయాను. చిట్టెమ్మ రవ్వ చేపకు గాట్లు పెట్టి, ఉప్పూ పసుపూ పట్టించి, ఇనుప జాలీ మీద పడేసింది. బొగ్గులు చిటపటమన్నాయి. టీచరమ్మ కళ్లజోడు సంచిలో పెట్టేసింది.

"తినేటప్పుడు కళ్లజోడెందుకు? ముక్కుంది, నాలుకుంది."

చేప వచ్చింది. నేను పచ్చడబ్బా మూత తీసి సగం తొక్కు ఆకులో వేశాను. టీచరమ్మ ముక్క ముంచింది, నమిలింది, కళ్లు మూసుకుంది.

"అబ్బ! ఇదీ నంజుకోవడమంటే! ఘాటు అదిరింది. చివర్లో కాస్త చేదు తగులుతోంది, అదీ బాగుంది."

చేదా? నేను చేదు వేయలేదే? చేప మాడి ఉంటుందిలే అనుకున్నాను. ఆవిడ సగం చేప అయ్యాక చేయి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, డబ్బాను దగ్గరకు లాక్కుంది. నా గుండె ఉబ్బింది. ఇప్పుడు ఇంకో భేష్ పడుతుంది.

"మందు," అని చదివింది.

"ముందు, టీచరమ్మా."

"ముందు ఎక్కడుందే? మందు అనే ఉంది. ‘మ’, పక్కన సున్న, ‘దు’. మందు. దేనికి మందు ఇది?"

అప్పుడు, అయ్యా, అమ్మా, నాకు తోకా కొమ్మూ రెండూ ఒకేసారి గుర్తొచ్చాయి. మూడు డబ్బాల మీదా ఒకే మాట రాశాను! కుర్మయ్య ఏది పట్టుకుపోయాడు? నేను ఏది పట్టుకొచ్చాను? ఆవిడ కడుపులోకి పోయింది కొత్తిమీరా, పొగాకా? కృష్ణ నీళ్లన్నీ నా చెవుల్లోకి వచ్చినట్టు హోరు వినబడింది.

"అరుగుదల మందు," అన్నాను. గొంతు మేకపిల్లలా వచ్చింది.

"మంచిదే అయితే. ఇంకాస్త వెయ్యి."

"వద్దు!"

"ఎందుకే?"

"మస్తు వేడి చేస్తది!"

నేను వేలితో కొంచెం నాకి చూశాను. భయపడ్డ మనిషి నాలుకకు రుచేం తెలుస్తుంది? ఒకసారి చింతకాయలా ఉంది, ఇంకోసారి వేపాకులా ఉంది. పొగాకు వాసన కూడా కొట్టింది. తీరా చూస్తే పక్కబల్ల ఆయన బీడీ వెలిగించాడు. అంతలో టీచరమ్మకు ఒక ఎక్కిలి వచ్చింది. పురుగుకు మందు కొట్టాక మొదట ఎక్కిళ్లు వస్తాయా అని ఆలోచించాను. పురుగుల ఎక్కిళ్లు నేనెప్పుడూ వినలేదు. టీచరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. నేను ఆకు లాగేసుకున్నాను.

"ఏమైందే నీకు? నా చేప!"

"ముల్లు! ముల్లున్నది! తీసి పట్టుకొస్త!"

ఆకుతో సహా పరుగెత్తాను. చిట్టెమ్మ అడ్డం వచ్చింది.

"ఏందక్కా, ఆకెత్తుకపోతున్నవ్? పిచ్చి గిట్ల లేసిందా?"

"సిగ్నలు ఏడ దొర్కుతదే చెల్లె? జల్ది చెప్పు!"

"అగో, ఆ బండ ఎక్కితే దొర్కుతది. గని చేపకెందుకు సిగ్నలు?"

బండ ఎక్కాను. చీర కుచ్చిళ్లు ఒక చేతిలో, ఆకు ఇంకో చేతిలో, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య. కుర్మయ్య ఎత్తాడు.

"ఏమయ్యో, మందు కొట్టినవా?"

"కొట్టిన. డబ్బా మొత్తం కొట్టిన. ఏమాయె?"

ఫోన్ పెద్ద గొంతు మీద పెట్టి ఉన్న సంగతి నాకు తెలియదు. కిందనుంచి టీచరమ్మ అరిచింది: "మీ ఆయన పొద్దున్నే మందు కొడతాడా కిష్టమ్మా? నాకు ఎన్నడూ చెప్పలేదేమే! హిక్!"

"ఆ మందు గాదు టీచరమ్మా! తోటకు కొట్టే మందు!" అని కిందికి అరిచి, ఫోన్లోకి అడిగాను: "ఏ డబ్బా తీస్కపోయినవ్?"

"మందు అని రాసినవ్ గద. గదే. నాకు చదువొచ్చు, ఐదో తరగతి..."

"నీ ఐదో తరగతి మన్నుల గలువ! వాసనెట్లున్నది చెప్పు!"

"జలుబు జేసింది. నాకేం వాసన తెల్వదు. గని ఒకటే, గీసారి ముద్ద బరక నూరినవ్. వడగట్టినా పంపు నాజిల్ల పల్లి పలుకులు అడ్డంబడ్డయి. నాలుగుసార్లు ఇప్పి ఊదిన."

పల్లి పలుకులు!

మందులో పల్లీలు ఎవరు వేస్తారు? అంటే మా ఆయన తొక్కు కొట్టాడు. మిరపచెట్లకు మిరపకాయ తొక్కు! సరే, చెట్లు ఎటుపోతే నాకేం. నా లెక్క వేరే ఉంది. ఒక తొక్కు తోటలో పడింది. మిగిలినవి ఒక తొక్కు, ఒక మందు. ఒకటి ఇంట్లో ఉంది, ఒకటి టీచరమ్మ కడుపులో ఉంది. ఏది ఎక్కడ?

"ఇంటికి ఉరుకు! గూట్ల ఇంకో డబ్బా ఉన్నది, మూత తీసి చూడు!"

"ఏమైందే? పరేషాన్ జేస్తున్నవ్."

"ఉరుకయ్యా! టీచరమ్మ పానం నీ చేతుల ఉన్నది!"

తోట నుంచి ఇల్లు కూతవేటు. ఆ కూతవేటు దూరం ఆరోజు మా ఆయన గద్వాల మీదుగా పోయి ఉంటాడు. ఫోన్లో అతని చెప్పుల చప్పుడు వినబడుతోంది. కింద ఎక్కిళ్లు వినబడుతున్నాయి. చప్పుడుకూ ఎక్కిలికీ మధ్య నేను సోమశిల దేవుళ్లందరికీ మొక్కాను. ఎంతమంది ఉన్నారో తెలియక అందరికీ తలా ఒక కొబ్బరికాయ అన్నాను. కొల్లాపూర్ దవాఖానకు ఎంతసేపు పడుతుందో లెక్కేశాను. రాజమండ్రి వాళ్లకు ఏమని చెప్పాలో కూడా మాటలు కూర్చుకున్నాను. ‘మీ టీచరమ్మ చాలా బాగా తిన్నది’ అనే దగ్గర ఆగిపోయాను.

ఈలోపు టీచరమ్మ బండ కిందికి వచ్చి నిలబడింది. అంతా విన్నదని మొహం చూస్తే తెలుస్తోంది.

"కిష్టమ్మా, నిజం చెప్పు. నేను తిన్నది పురుగుల మందా?"

నాకు ఏడుపొచ్చింది. "తెల్వదు టీచరమ్మా. ముందన్న కావచ్చు, మందన్న కావచ్చు."

మీరైతే ఏం చేసేవారు? గుండె పట్టుకునేవారు, నన్ను తిట్టేవారు, ఆటో పిలిచేవారు. ఆవిడ వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి పోయింది. సంచి తెరిచింది. ఎర్ర పెన్ను తీసింది. మూత తీసిన చప్పుడు బండ మీదికి నాకు వినబడింది, ఒట్టు.

"హిక్... చచ్చేలోపు ఈ ‘మ’కు కొమ్ము పెట్టి పోతాను. లేకపోతే నా ఆత్మకు శాంతి ఉండదు," అని డబ్బా మీద కాగితాన్ని దిద్దింది.

అప్పుడే ఫోన్లో మూత తీసిన చప్పుడు.

"పచ్చగనే ఉన్నదే ఇది గూడ."

"రుచి చూడు!"

"నేనా?"

"వేలి కొసకు! చూసి ఉమ్మెయ్యి!"

"టీచరమ్మ పానం పోవద్దు, నాది పోవచ్చునా?"

"కొసకే అంటున్న గద! నీకు దండం పెడత!"

కృష్ణ కూడా ఆగి వింటున్నట్టుంది. తర్వాత ఫోన్ పగిలేలా ఒక కేక.

"థూ! థూ! థూ! దీని తల్లి, చేదు! వేపాకే! పొగాకే! ఏం నూరినవే నీ పాడుగాను!"

"చేదా? మస్తు చేదా?"

"నాలిక మొద్దువారింది!"

"నా బంగారం!" అని అరిచి నేను బండ మీద ఎగిరాను. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో మా ఆయనను బంగారమన్నది అదే మొదటిసారి. అదీ రేవులో జనమంతా వింటుండగా, అతను మందు ఉమ్ముతుండగా. చేతిలోని ఆకు జారి చేప కృష్ణలో పడింది. కాలిన చేపకు మళ్లీ నీళ్లు దొరికాయి కానీ లాభం లేకపోయింది.

టీచరమ్మ తిన్నది తొక్కే. చేదు చేప మాడిన అంచుది. ఎక్కిళ్లూ చెమటా నా మిరపకాయలవి. చిట్టెమ్మ నీళ్లిస్తే ఎక్కిళ్లు తగ్గాయి. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తిడుతుందనుకుని తల వంచాను.

"చావు తప్పింది సరే. రెండో డబ్బా మీద ‘ఎనక’ అని ఉందేంటి?"

"తర్వాత అని రాయనీకె భయమైంది."

"మనిషిని చంపడానికి భయం లేదు కానీ ఒత్తుకు భయమా!" అంది. అని, నవ్వు ఆపుకోలేక, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంత నవ్వింది. ఇంకో చేప చెప్పింది. నంజుకోవడానికి ఏ డబ్బా కావాలంటే, "కొమ్మున్నది," అంది.

మా తోటలో రెండు సాళ్లు తొక్కులోని ఉప్పుకు మాడిపోయాయి. కుర్మయ్య ఇప్పటికీ ఊళ్లో చెబుతాడు: "పురుగులకు నంజుకోనీకె తొక్కు పెట్టిన. చేప ఒక్కటే తక్కువబడ్డది."

మర్నాడు బస్సెక్కే ముందు టీచరమ్మ నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"ప్రమాణం రాయి. ‘ఇక ముందు తొందరపడను.’"

నేను కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ, దైవసాక్షిగా రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"ఇక మందు తొందరపడను."

ఎర్ర పెన్ను మూత తీసిన చప్పుడు.

ఆ కాగితం మా ఇంట్లో గూటి పైన అన్నం మెతుకులతో అంటించి ఉంది. అక్షరాలు నావి, కొమ్ము టీచరమ్మది. దాని మీద చేయి వేసి, కృష్ణమ్మ సాక్షిగా, మాడిన రెండు సాళ్ల సాక్షిగా, మా ఆయన మొద్దుబారిన నాలుక సాక్షిగా మీకు మాటిస్తున్నాను: ఇక ముందు ఏ డబ్బా మీదా కొమ్ము లేని ‘ము’ రాయను. ఈ వాక్యం రాశాక మూడుసార్లు సరిచూసుకున్నాను, కొమ్ము ఉంది. మీకు కనబడకపోతే తప్పు అచ్చువేసినవాళ్లది. నాది మాత్రం కాదు.